దేముడమ్మ నడక

నలభై ఒకటో రోజు కూడా చేప బయటికి రాలేదు.

సూరాడ దానయ్య తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. రాతిగూటి చీకట్లోంచి అతన్ని ఒక కన్ను చూస్తోంది. అది కన్ను కాదని అతనికి తెలుసు. ముసుగు చేప బెదిరితే తల గూట్లో దూర్చి తోక బయట పెడుతుంది. తోక మీద తెల్ల అంచుతో గుండ్రటి నల్లమచ్చ ఉంటుంది, అచ్చం ఏదో పెద్ద జంతువు కన్నులాగా. దాన్ని మింగడానికి వచ్చిన జంతువు ఆ దొంగకన్ను చూసి దారి మళ్ళుతుంది. సముద్రంలో ఆ ఎత్తు దానికి బాగానే పనికొచ్చింది. ఇక్కడ దానయ్య నలభై ఒక్క రోజులుగా ఆ దొంగకన్నుకే రొయ్య తురుము చూపిస్తున్నాడు.

"తినవేటే?" అన్నాడు. "సావాలనుందా? అయితే సావు."

చేప కదల్లేదు. దాని వెనక రెండోది, ఆడది, అదీ కదల్లేదు. రాళ్ళకి పట్టిన పురుగూ పుట్రా గీక్కుని ఇన్నాళ్ళు ప్రాణం నిలుపుకున్నాయి. కానీ తోక మొదట్లో కండ లోపలికి పోయింది. దానయ్యకి చేప ఒళ్ళు చదవడం వచ్చు. ఇంకో వారం. అంతే.

గుమ్మంలోంచి బోడెమ్మ తొంగిచూసింది. దానయ్య పెళ్ళాం దేముడమ్మకి అక్క, పక్కిల్లే. చెల్లెలు పోయిన దగ్గర్నించీ పూటకో ముద్ద తెచ్చి ఇక్కడ పడేస్తోంది, దానితోపాటు ఒక మాట కూడా.

"ఏటి మరిదీ, మనిసికి పన్నెండు దినాలే గదా మైల. నీ సేపలకి నలభయ్యా?"

"నువ్వు తెచ్చింది అక్కడెట్టి ఎల్లు వదినా."

"ఎల్తాను. నాకేటి నీ మొకం సూడాలనుందా?"

గిన్నె గోడ అరలో పెట్టి వెళ్ళిపోయింది.

చినగెడ్డ రేవులో చేపలు పట్టేవాళ్ళు నూరు గడపలున్నారు. చేపల్ని ఇంట్లో పెట్టుకున్నవాడు దానయ్య ఒక్కడే. పన్నెండేళ్ళు రొయ్యపిల్లల కేంద్రంలో నీళ్ళ పని చేశాడు. నీటిని నాలుక మీద వేసుకుని ఉప్పు ఎంతుందో చెప్పగలడు, పరికరం తరవాత అదే చెబుతుంది. తొట్టి తనే కట్టాడు. మూడు పక్కల సిమెంటు, ముందు పాత లాంచీ కిటికీ అద్దం. అడుగున, తండ్రి నావ విప్పేసినప్పుడు మిగిలిన టేకు దూలం. ఆ దూలం రెండో కొస వంటింటి బండల కిందికి పోతుంది. పోటు సమయంలో కావిడి వేసుకుని సముద్రానికి పోవడం, తాజా ఉప్పునీళ్ళు తేవడం, పాత నీళ్ళు తీయడం. ఎనిమిదేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు.

ఆ రెండు చేపలూ బొటనవేలంత ఉన్నప్పుడు వల్లో పడ్డాయి. చేపల పిండి చేసే మిల్లుకి పోయే పిచ్చి చేపల కుప్పలోంచి ఏరి చెంబులో వేసింది దేముడమ్మ. ఆ ఏడు వాటికి విలువ లేదు. తరవాత సముద్రం కాగిన ఏడు వచ్చింది. వేసవి పోయినా నీటి వేడి పోలేదు. నీటి అడుగున పగడపు రాళ్ళు సున్నంలా తెల్లబడ్డాయి. ముసుగు చేప కనబడకుండా పోయింది. విశాఖ ప్రయోగశాలవాళ్ళు ముందే పట్టి దాచుకున్న ఇరవై మూడూ ఒకదాని వెనక ఒకటి చచ్చాయి. తలలు గూళ్ళలో, తోకలు బయట. మిగిలినవి ప్రపంచం మొత్తానికి దానయ్య ఇంట్లో రెండు.

గోడ మీద పేపరు ముక్క అద్దం కట్టి ఉంది. 'ఐదో తరగతి చదువు, శాస్త్రవేత్తలకు పాఠం' అని పెద్ద అక్షరాలు. ఫోటోలో తొట్టి, పక్కన దానయ్య, ఇంకోపక్క ప్రయోగశాల పెద్ద ఉమాకాంతం గారు. ఆ ఫోటో తీసిన రోజు దేముడమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. "నువ్వు లోపలుండు" అన్నాడు దానయ్య. ఆమె లోపలే ఉంది. ఆమె కుడికాలు పోలియోకి పోయిన కాలు. కుంటడం ఫోటోలో పడదు గానీ, నడిచి వచ్చేటప్పుడు నలుగురూ చూస్తారు.

ఇప్పుడు ఆ ఫోటో వైపు చూడటం మానేశాడు.

*

మంగళవారం పొద్దున పైడితల్లి జీపు దిగింది. ఆమె వెనకే ఉమాకాంతం గారు.

పైడితల్లి దానయ్య కూతురు. అదే ప్రయోగశాలలో డాక్టరు, చేపల డాక్టరు. తల్లి పోయినప్పుడు ఆమె పరిశోధన ఓడ మీద ఉంది, అండమాను దారిలో, ఎక్కడన్నా ముసుగు చేప మిగిలిందేమో వెతుకుతూ. వచ్చేసరికి మూడో రోజు. గుమ్మంలోనే దానయ్య ఒక మాట అడిగాడు.

"సేపలు దొరికినాయా?"

"లేదు నాన్నా."

"అయితే సేపలూ అమ్మా, రెండూ పోనాయి నీకు."

ఆ తరవాత ఆమెతో మాట్లాడలేదు. ఇవాళ కూడా ముందు మాట ఆమెదే.

"శుక్రవారం బండి వస్తుంది నాన్నా. అప్పటికి తినకపోతే వీటిని విశాఖ తీసుకెళ్ళి గొట్టంతో మేత పెడతారు. కాగితం వచ్చింది."

"దార్లోనే పోతాయి."

"నాకూ తెలుసు. అందుకే ఇది తెచ్చాను."

టిఫిను క్యారేజీ అంత నల్లటి పెట్టె. దాన్నుంచి ఒక తీగ. తొట్టిలో ఇప్పటికే అలాంటి తీగ ఒకటి ఉంది, వెంట్రుకంత సన్నం, రాయి వెనక. ఐదేళ్ళ కిందట పైడితల్లే దించింది. దాని పేరు నరం. చేప ఒంటికి పక్కగా తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీళ్ళలో పుట్టే ప్రతి అదురూ చేపకి ఆ గీతలో తెలుస్తుంది. కళ్ళకన్నా ముందు, చెవికన్నా ముందు. నరం కూడా ఆ అదురునే పట్టి దాస్తుంది. తలుపు వేసినా, దగ్గినా, వీధిలో లారీ పోయినా. ఈ ఇంట్లో చేపలు ఎందుకు బతుకుతున్నాయో తెలుసుకోడానికి పెట్టింది. ఐదేళ్ళూ వెతికి ఒక్క సంగతి పట్టుకుంది. రోజుకు నాలుగుసార్లు అవి గూడు వదిలేవి. ఆ నాలుగుసార్లకూ ముందు వంటింట్లోంచి అడుగులున్నాయి.

"ఈ పెట్టె నరం దాచిందాన్ని మళ్ళీ నీళ్ళకిస్తుంది" అంది పైడితల్లి. "అమ్మ అడుగులు నాన్నా."

దానయ్య పెట్టెను చూశాడు. కూతుర్ని చూశాడు. "కానియ్యి" అన్నాడు.

తీగ నీళ్ళలో దింపారు. పైడితల్లి మీట నొక్కింది. గదిలో ఏమీ వినబడలేదు. నీటి పైన మాత్రం చీమ నడిచినట్టు చిన్న చిన్న వలయాలు. దానయ్య వంగి టేకు దూలానికి చెవి ఆనించాడు. దూలంలో ఎవరో నడుస్తున్నారు. టప్, టప్, టప్, టప్. వంటింటి వైపు నుంచి తొట్టి వైపుకి.

పైడితల్లి నేల మీద కూలబడి దూలానికి చెంప ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు టేకు మీద పడ్డాయి.

గూట్లో దొంగకన్ను ఇంకొంచెం లోపలికి పోయింది.

దానయ్య లేచాడు. "ఇది మీ యమ్మ కాదు."

"నాన్నా, ఐదేళ్ళ అడుగులు కలిపి తీశాను..."

"కాదన్నాను."

ఉమాకాంతం గారు ఓపికగా నవ్వారు. "దానయ్య గారూ, ఇంతకన్నా శుభ్రమైన సంకేతం ఉండదు. తొట్టికి గాలి కొట్టే మోటారు చప్పుడు, వీధి చప్పుడు, తడబాటు, ఈడ్పు అంతా ఏరిపారేశాం. మీ అమ్మాయే రాసిందా పద్ధతి. చాలా అందమైన పని."

"ఈడుపు తీసేసినారా?"

"అంటే... ఏదో గీసుకుంటున్నట్టు ఒక రొద వస్తుండేది. అడుగు అడుగుకీ మధ్య. మోటారు పట్టీ అనుకున్నాం."

దానయ్య కూతురు వైపు తిరిగాడు. ఆమె మొహం అప్పటికే తెల్లబడుతోంది.

"మీ యమ్మ కుంటిది" అన్నాడు. "నువ్వు దాన్ని బాగుసేసేసినావు. అందుకే సేపలు రాటంలేదు. ఈ ఇంట్లోకి రెండు కాళ్ళూ సరిగున్న ఆడది ఎవతొచ్చిందా అని బెదిరిపోతన్నాయి."

పైడితల్లి పెట్టె ఆపింది.

"నీకెట్టా తెలిసింది నాన్నా?" అంది. "నువ్వెప్పుడూ అమ్మ పక్కన నడవలేదు కదా."

నిజమే. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళూ, సంతకైనా గుడికైనా ఆసుపత్రికైనా, దానయ్య పది గజాలు ముందు నడిచాడు. నలుగురిలో కుంటిదాని పక్కన నడవడం అతనికి చేతకాలేదు.

"ముందు నడిసినోడికే" అన్నాడు, "ఎనకటి అడుగు తెలుస్తాది."

*

నరం పట్టినదాంట్లో శుభ్రం చేయనిది అంటూ మిగిలితే ప్రయోగశాలలో ఒక్క రోజుది మిగలాలి. ఆఖరి రోజుది. ఆ రోజు అడుగులు మధ్యలో తెగిపోయాయి కాబట్టి యంత్రం దాన్ని లెక్కలో కలపలేదు, ఒక పక్కన పడేసింది. బుధవారం పైడితల్లితో దానయ్య కూడా వెళ్ళాడు. ఎవరూ రమ్మనలేదు. జీపెక్కి కూర్చున్నాడు, అంతే.

ప్రయోగశాల చూడటం అదే మొదలు. నేల నిండా మెత్తటి రబ్బరు. తలుపులకి దూది అంచులు. మనుషులు గుడ్డ చెప్పులతో దయ్యాల్లా తిరుగుతున్నారు. వరసగా ఇరవై మూడు అద్దాల తొట్లు, అన్నీ ఖాళీ. నీళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. దానయ్య ఒక వేలు ముంచి నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు సరిగ్గా ఉంది. తప్పు పట్టడానికి లేదు.

"ఇంత నెమ్మదేటి?" అన్నాడు.

"పిరికి చేపలు కదండీ. చిన్న చప్పుడైనా వాటికి తగలకుండా కట్టాం" అన్నారు ఉమాకాంతం గారు. ఆ మాటలో గర్వం ఉంది. కట్టినవాడికి ఉండాల్సిందే.

"సప్పుడు లేకండా వొచ్చేవోడు దొంగోడే గదా బాబూ. సంద్రంలో సప్పుడు సేయకండా వొచ్చేది మింగడానికొస్తాది. మీ సేపలకి పగలూ రేయీ దొంగలే తిరిగినారు."

ఉమాకాంతం గారు ఖాళీ తొట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. దానయ్యకి జాలి కలగలేదు. ఇరవై మూడు చేపలు.

పైడితల్లి తెర మీద గీతలు తీసింది. ఒక ఎత్తు గీత, పక్కన చిన్న గరుకు గీత. మళ్ళీ ఎత్తు, మళ్ళీ గరుకు. దానయ్యకి అక్షరాలకన్నా అవి సులువుగా వచ్చాయి. టప్, సర్. టప్, సర్. పదకొండు అడుగులు లెక్క పెట్టాడు. పదకొండోదాని తరవాత ఒక్క గీత, తెర పైఅంచు దాకా. ఆ తరవాత చదును.

అదేమిటని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

"గీతలు దగ్గిర దగ్గిరగా ఉన్నాయి" అంది పైడితల్లి. "అమ్మ ఎప్పుడూ ఇంత తొందరగా నడవదు. ఎందుకు తొందరపడింది?"

దానయ్య తెర వైపే చూస్తూ చెప్పాడు.

"నాను పిలిసినాను. అరుగు మీద వల బాగుసేస్తన్నాను. సేపలకి మేతేసి బేగి రాయే, ఎంతసేపు ఈడుస్తావా కాలు, అన్నాను."

ఆసుపత్రి డాక్టరు గుండె అన్నాడు, నడిచినా కూర్చున్నా ఆగేదే అన్నాడు. దానయ్య ఆ మాట కూతురికి చెప్పొచ్చు. చెప్పలేదు. డాక్టరు మాట వెనక దాక్కోవడం తోక బయట పెట్టడం లాంటిదే.

*

గురువారం పొద్దున పెట్టెను మళ్ళీ తొట్టిలో దింపారు.

"చివరి గీత కోసేస్తాను" అంది పైడితల్లి.

"ఏటీ కొయ్యకు. ఒకసారి కోసినావు, సాలు."

మీట నొక్కింది. దూలంలో టప్, సర్. టప్, సర్. దానయ్య వెనక్కి తిరిగితే దేముడమ్మ ఉండేటట్టే ఉంది. ఎన్నడూ తిరగనివాడు ఇప్పుడూ తిరగలేదు. చేపల్నే చూశాడు. నాలుగో అడుక్కి దొంగకన్ను కదిలింది. ఆరో అడుక్కి తోక లోపలికి పోయి తల బయటికి వచ్చింది. నల్లటి ఒళ్ళు, ఒంటి నిండా నీలం చుక్కలు, అంచుల్లో పమిటలాంటి రెక్కలు. అసలు కన్ను. నలభై మూడు రోజుల తరవాత అసలు కన్ను. ఎనిమిది, తొమ్మిది. చేప అద్దం దాకా వచ్చింది, దేముడమ్మ నిలబడే చోటికి.

పదకొండు.

దూలం దడ్డుమంది.

చేప లేదు. ఇసక పొగలా లేచింది. గూట్లో దొంగకన్ను కూడా కనబడలేదు.

పైడితల్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి పడిన చప్పుడు ఆమె వినడం ఇదే మొదలు. దానయ్యకి రెండోసారి.

గంట ఆగి, చివరిది కోసి పెట్టారు. మొదటి అడుగుకే గూటి ముందు నీళ్ళు బెదిరాయి. చేప ఇంకా లోతుకు దూరింది. మూడోసారి పెట్టబోతే దానయ్య తీగ లాగి పారేశాడు.

"వొగ్గీ. ఆ అడుగుల సివర ఏటుందో ఈటికి తెలుసు. ఆ రోజు సూసినాయి. అందుకే దాక్కున్నాయి, ఆకలి లేక కాదు."

"మరేం చేద్దాం నాన్నా? రేపు బండి వస్తుంది."

"పడిపోకండా వొచ్చే అడుగులు కావాల."

చెప్పులు విప్పాడు. వంటింట్లోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని బండల్ని చేత్తో తడిమాడు. గచ్చు గరుకు. ఒక్క చోట మాత్రం నున్నగా ఉంది. వేలెడు వెడల్పు, జానెడు పొడుగు చార. దాని తరవాత బండ మీద ఇంకోటి. ఇంకోటి. ఎనిమిదేళ్ళు రోజుకు నాలుగుసార్లు ఒక కాలు గీసిన గీత. వంటింటి గుమ్మం నుంచి తొట్టి దాకా పదకొండు చారలు. ఈ ఇంట్లో అతను వేలసార్లు నడిచాడు, ఒక్కసారి కిందికి చూడలేదు.

లేచి నడిచాడు. టప్, సర్.

తప్పు. మనిషి బరువు ఎక్కువ. మళ్ళీ నడిచాడు. పైడితల్లి దూలానికి చెవి ఆనించి చెప్పింది, "ఈడ్పు పొడుగైంది." మళ్ళీ. "ఇప్పుడు పొట్టి." మధ్యాహ్నానికి తుంటి పట్టేసింది. చేపల జాడ లేదు. గడపలో బోడెమ్మ కూరగిన్నె పట్టుకుని చూస్తోంది. ఎప్పుడొచ్చిందో.

"బాగుంది" అంది. "నా సెల్లి బతికున్నన్నాళ్ళూ దాన్ని ఎనకొగ్గేసి నడిసినావు. ఇప్పుడు దాని కాలెత్తుకొచ్చినావా?"

"నవ్వుతావేటి వదినా? నవ్వుకో."

"నవ్వటానికి నాకు నోరు రావాల గదరా." ఆమె కూరగిన్నె కింద పెట్టింది. "వొట్టి సేతుల్తో నడుస్తావేటి? అది వొట్టి సేతుల్తో ఆటి కాడికి ఎప్పుడెల్లింది? ఎడం సేతిలో గిన్ని ఉండేది. నిండా నీళ్ళు. సుక్క వొలికేది కాదు. కుంటి కాల్తో సుక్క వొలకకండా నడవటం నీ వల్లవుద్దా? మగోడివి గదా, నడు సూద్దారి."

దానయ్య గిన్నె తీశాడు. రొయ్య తురుము వేసి అంచు దాకా ఉప్పునీళ్ళు పోశాడు. ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. మొదటి అడుక్కే చెయ్యి తడిసింది. రెండోసారి మోచేతి దాకా. అప్పుడర్థమైంది. నీళ్ళు ఒలకకూడదంటే ఈడ్చే కాలును ఈడ్వకూడదు. నేలను అడిగి దించాలి. పసిపిల్లను పడుకోబెట్టినట్టు. ముప్ఫై నాలుగేళ్ళు వెనక నుంచి విని ఈడుపు అనుకున్నది ఈడుపు కాదు. జాగ్రత్త.

సాయంత్రం దాకా నడిచాడు. పడకుండా వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ మేత వేశాడు, పక్కకి తప్పుకున్నాడు. నలభై సార్లు, యాభై సార్లు. బోడెమ్మ వెళ్ళలేదు. గడపలో కూర్చుని ఒలికిన ప్రతి చుక్కకీ తిట్టింది. పొద్దు వాలేవేళకి గూట్లో దొంగకన్ను మళ్ళీ కనబడింది. అంతవరకే.

*

శుక్రవారం పొద్దున వీధిలో బండి ఆగింది. పెద్ద నీలం ట్యాంకు, నాలుగు పంపులు, ఇద్దరు మనుషులు వలలతో. ఉమాకాంతం గారు లోపలికి వస్తూ గుమ్మంలో ఆగారు. చెప్పులు బయటే విప్పారు. అది దానయ్య చూశాడు.

"కుర్చీ నేదు" అన్నాడు. "నిలబడండి. కదలకండి."

వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె నింపాడు. తుంటి సలుపుతోంది, కానీ ఆ సలుపే కాలు ఎక్కడ దించాలో చెబుతోంది. దేముడమ్మకి కూడా ఇంతే సలిపి ఉంటుంది. ఎప్పుడూ చెప్పలేదు. అతనూ అడగలేదు.

టప్, సర్. టప్, సర్.

నాలుగో బండ మీద దొంగకన్ను కదిలింది. ఆరో బండ. తల బయటికి వచ్చింది. గదిలో నలుగురున్నారు, నలుగురి అలికిడీ చేపకి తెలుసు, అయినా వచ్చింది. దాని వెనక ఆడది. తొమ్మిది. పది. గిన్నెలో నీళ్ళు అంచును అంటి ఉన్నాయి, ఒలకలేదు. పదకొండు.

దానయ్య నిలబడ్డాడు. పడలేదు.

చేపలు అద్దం దగ్గర ఆగాయి. ఒక క్షణం. ఆ క్షణంలో అవి దేనికోసం ఎదురుచూస్తున్నాయో గదిలో అందరికీ తెలుసు. దూలం నిశ్శబ్దంగా ఉంది. దానయ్య గిన్నె వంచాడు. రొయ్య తురుము నీళ్ళలో మెల్లగా దిగింది. మగచేప నోరు తెరిచింది. ఆడది దాన్ని తోసుకుని ముందుకొచ్చి ఇంకో తునక అందుకుంది.

"తింటన్నాయొలమ్మా" అంది బోడెమ్మ. కొంగు నోట్లో కుక్కుకుంది.

పైడితల్లి ఏడుస్తూ నవ్వింది. ఉమాకాంతం గారు బయటికి చెయ్యి ఊపారు. బండి మనుషులు వలలు చుట్టేశారు.

"దానయ్య గారూ" అన్నారు, "మా నేల మీది రబ్బరు తీయించేస్తాను. వీటికి పిల్లలు పుడితే మా తొట్ల దగ్గర కూడా ఇలాగే నడవాలి, మనుషులే. వాళ్ళకి నేర్పుతారా? పుస్తకంలో మీ నడక అని రాస్తాం."

"నాది కాదు."

"మరి?"

"సూరాడ దేముడమ్మ నడక. అలగే రాయండి. కింద, ఆమె కుంటిది, అని కూడా రాయండి. ఆ మాట ఏరకండి. మళ్ళీ ఏరినారంటే మీకు నా గుమ్మం నేదు."

ఉమాకాంతం గారు జేబులోంచి కాగితం తీసి అక్కడే రాసుకున్నారు. దానయ్య చదివి చూశాడు, కూడబలుక్కుని, ప్రతి అక్షరం. కుంటిది అన్న మాట ఉంది. కాగితం తిరిగి ఇచ్చాడు. కాఫీ ఇస్తానని అనలేదు.

పోటు వచ్చే వేళైంది. దానయ్య కావిడి భుజానికెత్తుకున్నాడు. తొట్టిలో నీళ్ళు మార్చాలి. తిన్న చేపలకి నీళ్ళు తొందరగా పాడవుతాయి, అంతకన్నా మంచి కబురు లేదు. పైడితల్లి రెండో కావిడి తీసుకుని వెనకే బయల్దేరింది.

వీధిలోకి వచ్చాక తెలిసింది, కాలు ఇంకా అలాగే పడుతోంది. టప్, సర్. రెండు రోజుల్లో తుంటి ఆ దారి నేర్చుకుంది. సరిచేసుకోవచ్చు. కానీ రేపు మళ్ళీ నేర్చుకోవాలి కదా. సరిచేసుకోలేదు.

నావ దగ్గర నలుగురు మగవాళ్ళు వలలు దులుపుతున్నారు. ఒకడు కేకేశాడు.

"ఏటి దానన్నా! కాలికేటైంది? కుంటుతన్నావు!"

"మా ఆడది నడిసిన నడకరా ఇది" అన్నాడు దానయ్య, వీధి అంతా వినబడేలాగా. "నీ వల్ల కాదు."

వాళ్ళు నవ్వలేదు. ఎందుకో ఒకడు లేచి నిలబడ్డాడు.

నాలుగడుగులు వేసి దానయ్య ఆగాడు. వెనక, పది గజాల దూరంలో, కూతురి అడుగులు కూడా ఆగాయి. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని ఆ దూరంలోనే నడిచింది, ఆ దూరమే అలవాటు. ఆమెను అతను క్షమించలేదు. ఆమె కూడా క్షమించి ఉండదు. అయినా తిరిగి చూశాడు. వీధిలో ఎన్నడూ వెనక్కి తిరగని మనిషి.

"ఎనకేటే?" అన్నాడు. "రా. పక్కన నడు."